హామీ సంతకం



మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పౌలు అనే పేరు వీధికొకటి వినిపిస్తుంది. పీటర్లకూ జాన్‌లకూ కొదవే లేదు. బర్నబాస్ అనే పేరూ అక్కడక్కడా ఉంది గానీ, ఆ పేరు గలాయన ఏం చేశాడని అడిగితే చాలామంది తడుముకుంటారు. అద్భుతాలు చేసినవాళ్లు, జైళ్లకు వెళ్లినవాళ్లు, పత్రికలు రాసినవాళ్లు మనకు గుర్తుంటారు. ఒక మనిషిని వెనకేసుకొచ్చి నాలుగు మాటలు మాట్లాడినవాడు గుర్తుండడు. తోటివాళ్లతో దయగా, ధైర్యమిచ్చేలా మాట్లాడటం గురించి ఈ రోజు నా ప్రసంగం. కాబట్టి ఆయన దగ్గరే మొదలుపెడతాను.

బర్నబా అసలు పేరు యోసేపు. కుప్ర ద్వీపంలో, అంటే ఇప్పటి సైప్రస్‌లో పుట్టిన లేవీయుడు. ఉన్న భూమి అమ్మి ఆ డబ్బు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. బర్నబా అన్నది అపొస్తలులు ఆయన గుణం చూసి పెట్టిన పేరు. ఆ గుణం ఎలాంటిదో అపొస్తలుల కార్యాలు తొమ్మిదో అధ్యాయంలో బయటపడుతుంది. సౌలు యెరూషలేముకు వచ్చాడు. ఏ సౌలు? స్తెఫనును రాళ్లతో కొట్టి చంపుతుంటే, కొట్టేవాళ్లు తమ పైబట్టలు తీసి ఎవరి పాదాల దగ్గర పెట్టారో ఆ సౌలు. ఇల్లిల్లూ చొరబడి ఆడా మగా అని చూడకుండా ఈడ్చుకెళ్లి చెరసాలలో వేయించిన సౌలు. ఇప్పుడొచ్చి నేనూ మీవాణ్ణే, నన్నూ కలుపుకోండి అంటున్నాడు. ఎవరు నమ్ముతారు? అందరూ భయపడ్డారు. వాళ్లను తప్పుపట్టలేం. ఆ ఇళ్లలో అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నవాళ్లు ఉండే ఉంటారు.

బర్నబా అతన్ని వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు. తీసుకెళ్లి ఏం చెప్పాడో చూడండి. "చాలా మంచివాడండీ, నా మాట నమ్మండి" అనలేదు. దారిలో ఇతను ప్రభువును చూశాడు, ప్రభువు ఇతనితో మాట్లాడాడు, దమస్కులో ఇతను యేసు పేరు ధైర్యంగా ప్రకటించాడు. అంతే. ఒక్క పొగడ్త లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. కానీ చెప్పాలంటే ముందు ఆ మనిషి దగ్గర కూర్చుని అతని కథ వినాలి కదా. ఊరంతా భయపడి తప్పుకుంటున్న మనిషి పక్కన కూర్చుని, ఓపిగ్గా విని ఉంటేనే ఆ నాలుగు మాటలు పుడతాయి.

బ్యాంకులో అప్పు కావాలంటే హామీదారు సంతకం అడుగుతారు. సలహాలు ఇచ్చే బంధువులు పదిమంది ఉంటారు. సంతకం అనగానే అందరికీ ఊళ్లో పనులు గుర్తొస్తాయి. బర్నబా పెట్టింది ఆ సంతకం. సౌలు నటిస్తున్నాడని రేపు తేలితే బర్నబా పరువుతో పాటు సంఘంలో ఎందరి ప్రాణాలో పోతాయి. అది తెలిసే పూచీ పడ్డాడు.

క్రైస్తవులు మంచిగా మాట్లాడాలి అనగానే మనకు మెత్తగా, నవ్వుతూ, రెండు వాక్యాలు జోడించి మాట్లాడటం గుర్తొస్తుంది. గుమ్మంలో "వందనాలు బ్రదర్", "ప్రైజ్ ది లార్డ్ సిస్టర్" అనడానికి ఖర్చేమీ లేదు. అనకూడదని నేననడం లేదు, అనండి. అవతలి మనిషికి నిజంగా ధైర్యమిచ్చే మాటకు మాత్రం, చెప్పినవాడి దగ్గర్నుంచి కొంత పోతుంది. సమయం పోతుంది, ఒక్కోసారి పరువు పోతుంది, ఒక్కోసారి స్నేహితులూ పోతారు. నా లెక్కలో మాట విలువ అక్కడే తేలుతుంది.

తర్వాత అంతియొకయలో గ్రీకువాళ్లు కూడా విశ్వసిస్తున్నారన్న కబురు యెరూషలేము చేరింది. చూసి రమ్మని సంఘం బర్నబాను పంపింది. విచారణకు వెళ్లిన మనిషి సాధారణంగా ఏం చేస్తాడో మన సంఘాల్లో అందరికీ తెలుసు. లెక్కల పుస్తకం అడుగుతాడు, లోపాలు రాసుకుంటాడు, రాసుకున్నవి మొయ్యలేక మోసుకుంటూ తిరిగొస్తాడు. బర్నబా అక్కడ దేవుని కృప చూసి సంతోషించాడని లూకా రాశాడు. కొత్తగా చేరినవాళ్లలో తప్పులు లేకపోయి కాదు. ముందుగా కంట్లో పడిందేదన్నది చూసేవాడి మనసును బట్టి ఉంటుంది. ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు ఇంకా ఇష్టం. తార్సు వెళ్లి సౌలును వెతికి పట్టుకొచ్చాడు. ఇద్దరూ ఏడాది పాటు అంతియొకయలో బోధించారు. శిష్యులను క్రైస్తవులు అని మొట్టమొదట పిలిచింది ఆ ఊళ్లోనే.

ఇక్కడ చిన్న సంగతి. అపొస్తలుల కార్యాల్లో మొదట "బర్నబా, సౌలు" అని వస్తుంది. ఇద్దరి సువార్త ప్రయాణం సాగుతున్న కొద్దీ సౌలు పౌలై, చాలాచోట్ల "పౌలు, బర్నబా" అవుతుంది. తాను చెయ్యిపట్టి తీసుకొచ్చిన కుర్రాడు తనను దాటిపోయాడు. బర్నబా దానికి నొచ్చుకున్నట్టు ఎక్కడా ఒక్క ముక్క లేదు. చిన్నవాణ్ణి మెచ్చుకోవడం సులువే, వాడు చిన్నవాడుగా ఉన్నంతకాలం. మన గుళ్లలో పాటలు పాడే పెద్దాయన ఒక పిల్లాడికి కీబోర్డు నేర్పిస్తాడు. రెండేళ్లకు ఆ పిల్లాడు తనకంటే బాగా వాయిస్తుంటే, అప్పుడు పెద్దాయన నోట వచ్చే మాట వినాలి.

మంచి మాట చెప్పేవాళ్లకు గొడవలు రావనుకోకండి. బర్నబాకూ పౌలుకూ గట్టి తగువే వచ్చింది. మార్కు అనే యువకుడు మొదటి ప్రయాణంలో పంఫూలియ దగ్గర వీళ్లను వదిలి ఇంటికి వెళ్లిపోయాడు. రెండో ప్రయాణానికి అతన్ని మళ్లీ తీసుకెళ్దామన్నాడు బర్నబా. కుదరదన్నాడు పౌలు. పౌలు మాటలోనూ న్యాయం ఉంది, మధ్యలో జారిపోయేవాణ్ణి నమ్ముకుని కొండలూ సముద్రాలూ దాటలేం కదా. పైగా మార్కు బర్నబాకు దగ్గరి బంధువు. మా వాడని వెనకేసుకొస్తున్నాడని అన్నవాళ్లూ ఉండొచ్చు. చివరికి ఇద్దరూ విడిపోయారు. పౌలు సీలను తీసుకుని సిరియ, కిలికియల మీదుగా వెళ్లాడు. బర్నబా మార్కును తీసుకుని ఓడెక్కి కుప్రకు వెళ్లాడు. అక్కడితో అపొస్తలుల కార్యాల్లో బర్నబా కథ ఆగిపోతుంది. అయితే ఏళ్లు గడిచాక, చెరలో ఉన్న పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక చివర్లో కొన్ని వస్తువులు తెమ్మంటాడు. త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు. ఆ వాక్యాలకు కాస్త పైనే, మార్కును కూడా వెంటబెట్టుకుని రా, అతను నాకు పనికొస్తాడు అంటాడు. ఒకప్పుడు పనికిరాడని తోసేసిన మనిషి గురించి! ఆ మధ్య ఏళ్లలో మార్కుతో బర్నబా ఏం మాట్లాడాడో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ పేరుతో ఒక సువార్త మాత్రం మన చేతుల్లో ఉంది.

ఇక మన సంగతికి వద్దాం.

ఆసుపత్రికి ఎవర్నయినా చూడ్డానికి వెళ్లేటప్పుడు కొబ్బరిబోండాలు, బ్రెడ్డు, యాపిల్స్ జాగ్రత్తగా ఎంచి పట్టుకెళ్తాం. నోట్లో మాటను మాత్రం ఏ ఎంపికా లేకుండా పట్టుకెళ్తాం. ఒక వార్డులో నేను విన్నది చెబుతాను. డయాలసిస్ మీద ఉన్న పెద్దాయన మంచం పక్కన ఒక చుట్టం స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మా తోడల్లుడికీ ఇంతేనండీ. బాగానే తిరుగుతున్నాడనుకున్నాం, ఏడాది తిరక్కుండానే..." అని ఆపి, ఫ్యాను వంక చూశాడు. ఆయన లేచి వెళ్లాక సంఘం నుంచి ఒక సహోదరుడు వచ్చాడు. "ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో ఒకసారి పరీక్షించుకోండి అంకుల్" అన్నాడు. బోండాం నీళ్లు గ్లాసులోకి వంచుతున్న ఆ పెద్దాయన భార్య చెయ్యి అలాగే ఆగిపోయింది. సహోదరుడు అది గమనించలేదు, ప్రార్థనకు కళ్లు మూసుకున్నాడు.

ఇది కొత్తదేం కాదు. యోబు గ్రంథం నిండా ఇదే. పదిమంది పిల్లలూ ఒకేరోజు పోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషిని పలకరించడానికి ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వచ్చారు. దూరం నుంచి చూసి గుర్తుపట్టలేక ఏడ్చారు. ఏడు రోజులు, ఏడు రాత్రులు అతనితో పాటు నేలమీద కూర్చున్నారు. ఒక్కరూ నోరు తెరవలేదు. ఆ వారం రోజులూ వాళ్లంత మంచి స్నేహితులు బైబిల్లో ఇంకెక్కడా కనబడరు నాకు. ఎనిమిదో రోజు నుంచి మాట్లాడటం మొదలుపెట్టారు, మొత్తం పాడుచేశారు. నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే పోయారన్నట్టు బిల్దదు ఆ తండ్రి మొహం మీదే అన్నాడు. వాళ్ల మాటల్లో చాలా భాగం విడిగా చదివితే భక్తిగానే ఉంటుంది. దేవుడు న్యాయవంతుడు అన్నారు, పాపానికి ఫలితం ఉంటుందన్నారు. కాదని ఎవరంటారు? అయినా పుస్తకం చివర దేవుడు కోప్పడింది, అంతసేపు గొంతెత్తి వాదించిన యోబు మీద కాదు, ఈ ముగ్గురి మీద. వెళ్లి బలులర్పించండి, యోబు మీ కోసం ప్రార్థన చేస్తాడు అని వాళ్లను పంపాడు. సలహా ఇవ్వడానికి వచ్చినవాళ్లు చివరికి రోగి చేత ప్రార్థన చేయించుకోవాల్సి వచ్చింది.

నమ్మకం ఉంటే మందులెందుకని అడిగేవాళ్లు కూడా మనలో ఉన్నారు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడన్న సంగతి వాళ్లు మర్చిపోతారు. మంచంలో ఉన్నవాడితో నీ విశ్వాసం చాలలేదు అనడం క్రూరత్వం. రేడియోలో ఇంత గట్టిగా అనొచ్చో లేదో గానీ, అంటున్నాను. మరి ఏం మాట్లాడాలి? చాలాసార్లు, తక్కువ. ఆయన భార్యతో "అక్కా, ఈ రాత్రికి నేనుంటాను, మీరు ఇంటికెళ్లి కాసేపు పడుకోండి" అనొచ్చు. "గురువారం డయాలసిస్‌కి ఆటో నేను మాట్లాడతాను" అనొచ్చు. వీటిలో వాక్యం ఏమీ లేదనిపించవచ్చు. సంతకం ఉంది.

ఇంకొకటి. ప్రార్థన ముసుగులో సాగే మాటలు. బుధవారం కాటేజీ ప్రేయరు అయిపోతుంది, టీ గ్లాసులు వస్తాయి. "మనలో మాట, ఫలానా వాళ్లమ్మాయి కోసం గట్టిగా ప్రార్థన చెయ్యండమ్మా, అత్తారింటి నుంచి వచ్చేసిందట" అని మొదలవుతుంది. ఎందుకొచ్చింది, ఎవరి తప్పు, కట్నం ఎంత, అన్నీ వివరంగా వస్తాయి. ఇంత వివరం దేవుడికి కావాలా? ఆ అమ్మాయి ఆదివారం గుడికొస్తే అందరూ తలతిప్పి చూస్తారు. రెండు వారాలు చూసి రావడం మానేస్తుంది. అప్పుడు ఆమె విశ్వాసంలో పడిపోయిందని మళ్లీ ప్రార్థన పెడతారు.

పెద్దల స్థానంలో ఉన్నవాళ్లు హన్నా కథ ఒకసారి చదవాలి. పిల్లలు లేక, సవతి ఎత్తిపొడుపులు పడలేక షిలోహు మందిరంలో ఏడుస్తూ ప్రార్థిస్తోంది. పెదాలు కదులుతున్నాయి, గొంతు వినబడటం లేదు. గుమ్మం దగ్గర పీఠం మీద కూర్చున్న యాజకుడు ఏలీ, ఈవిడ తాగి వచ్చిందనుకుని గద్దించాడు. ఆమె బదులు చెప్పింది, గౌరవంగానే చెప్పింది. ఏలీ వెంటనే మాట మార్చుకున్నాడు. సమాధానంగా వెళ్లు, నీ మనవి దేవుడు వింటాడని దీవించాడు. నీ మనవి ఏమిటని అడగలేదు. ఆమె లేచి వెళ్లి అన్నం తిన్నది, ఆమె ముఖంలో దుఃఖం పోయింది. ఆమెకు కొడుకు సమూయేలు పుట్టడం తర్వాతి సంగతి. అప్పటికింకా ఆమె పరిస్థితిలో మారిందేమీ లేదు, ఒక పెద్దమనిషి మాట తప్ప.

మన ఇళ్లలో హాల్లో ఒక పలక వేలాడుతుంటుంది. ఈ ఇంటికి క్రీస్తే అధిపతి అని, కంటికి కనబడకుండా ఇక్కడి మాటలన్నీ ఆయన వింటున్నాడని దాని భావం. ఆ పలక కిందే కూర్చుని కోడల్ని పుట్టింటి పేరు పెట్టి ఎత్తిపొడుస్తాం. అంట్లు తోమే ఆమెను పేరు పెట్టి పిలవడానికి నోరు రాదు, ఒసేయ్ అంటాం. పెళ్లి సంబంధాల మాట వస్తే, బల్ల దగ్గర ఒకే రొట్టె తిన్నవాళ్లమే కులం పేర్లు ఎత్తుతాం. రూతు గ్రంథంలో పొలం యజమాని బోయజు అలా చెయ్యలేదు. పరాయి దేశం నుంచి వచ్చిన విధవరాలు, పరిగె ఏరుకునే రూతుతో తాను దయగా మాట్లాడి ఊరుకోలేదు. ఆమెను అవమానించవద్దు, గద్దించవద్దు అని తన పనివాళ్లకు కట్టడి చేశాడు. తాను మంచిగా మాట్లాడితే చాలదు, తన పొలంలో ఇంకెవరూ ఆమెను తూలనాడకుండా చూడటం కూడా తన బాధ్యతే అనుకున్నాడు.

దయగల మాట అంటే ఎప్పుడూ అవుననే మాట కాదు. దీనికి మన తెలుగునేలతో ముడిపడ్డ ఒక ఉదాహరణ ఉంది. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన అజరయ్య 1909లో దోర్నకల్‌లో పని మొదలుపెట్టి, తెలుగు నేర్చుకుని, మన పల్లెల్లో తిరిగారు. 1910 జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. హాలు నిండా మిషనరీలు. ముప్ఫై ఆరేళ్లు కూడా నిండని ఆయన లేచి, మీ త్యాగాలకు కృతజ్ఞులమే, కానీ మాకు స్నేహం కావాలి అన్న భావంతో మాట్లాడారు. భారతీయ సేవకుణ్ణి తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకోని దొరతనం ఆయన మాటల్లో బయటపడింది. విన్నవాళ్లలో కొందరు నొచ్చుకున్నారు. ఆయన గొంతులో ద్వేషం లేదు, అడిగింది ప్రేమనే. ఇక్కడ మన బర్నబా మళ్లీ కనిపిస్తాడు, వేరే పేరుతో. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఈ యువకుణ్ణి బిషప్‌ను చేయాలని పట్టుబట్టారు. తెల్లవాళ్ల మీద భారతీయుడు బిషప్ ఏమిటన్న అభ్యంతరాలను ఎదుర్కొన్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యకు అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1945లో కన్నుమూసేదాకా దోర్నకల్ బిషప్‌గానే ఉన్నారు.

పెద్దపెద్ద సభల మాట అలా ఉంచండి. ఒక క్రిస్మస్ కార్యక్రమంలో ఏడేళ్ల పిల్ల కంఠత వాక్యం చెప్పడానికి లేచింది. తెల్లగౌను, తలలో కనకాంబరాలు, తనకంటే ఎత్తున్న మైకు. రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. గౌను అంచు వేలికి చుట్టుకుంటోంది. నా వెనక వరసలో వాళ్ల నాన్న, "ఇంట్లో గడగడా చెప్పింది, ఇక్కడ పరువు తీసింది" అన్నాడు. సండేస్కూలు టీచరమ్మ కుర్చీలోంచి లేచి, స్టేజీ ఎక్కి, మైకు కిందికి వంచి, తను పిల్ల పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది. చెవిలో మూడో మాట అందించింది. పిల్ల మిగతాదంతా ఒక్క గుక్కలో చెప్పేసి, చివర అధ్యాయం, వచనం నంబర్లు కూడా అరిచి చెప్పింది. అంతమంది ముందు టీచరమ్మ మోకాళ్ల మీద ఉందని ఎవరూ గమనించినట్టు లేదు.

ప్రభువు పేతురుతో మాట్లాడిన తీరు చూడండి. చలిమంట దగ్గర నిలబడి, ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లు అన్న పేతురు. పునరుత్థానం తర్వాత తిబెరియ సముద్రపు ఒడ్డున రాత్రంతా వల వేసి అలసిపోయి వచ్చాడు. ఒడ్డున నిప్పులు, వాటి మీద చేపలు, రొట్టె సిద్ధంగా ఉన్నాయి. ప్రభువు ముందు తినమన్నాడు. తిన్నాక, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు, గొర్రెలను అప్పగించాడు. ఆ చలిమంట రాత్రి సంగతి పేరెత్తి దెప్పలేదు. పేతురుకు బాధ కలగలేదా అంటే కలిగింది, మూడోసారి అడిగినప్పుడు నొచ్చుకున్నాడని యోహాను రాశాడు. కానీ లేచి నిలబడేటప్పటికి అతని చేతిలో పని ఉంది.

శ్రోతలారా, మీ సంఘంలో ఈ మధ్య రావడం మానేసినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లెవరో మీకు ఇప్పటికే గుర్తొచ్చి ఉంటుంది. ఈ ఆదివారం లోపు ఒకసారి ఫోన్ చెయ్యండి, వీలైతే ఇంటికే వెళ్లండి. ఎందుకు రావడం లేదని మొదటి మాటగా అడగకండి. భోంచేశారా అని అడగండి, పిల్లల చదువులు ఎలా ఉన్నాయని అడగండి, వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి. రమ్మనాలనిపిస్తే "మీరు వస్తే నా పక్కన కూర్చోండి" అని రమ్మనండి. వాళ్లు వస్తే, ఆ మాట ప్రకారం పక్కన చోటు ఉంచండి. వాళ్ల గురించి ఎవరైనా గుసగుసలాడితే అక్కడే ఆపండి.